రబ్బరు బంతి, రోలరు మరమ్మతు: మొదటి వింబుల్డన్ పోటీల కథ

విజయవాడ నుండి బందరు పోవు త్రోవకును ఏలూరు పోవు త్రోవకును నడుమ, పటమట, కానూరు ప్రాంతములందు 1960 తరువాతి దశకమున వెలసిన ఆటోనగర్, నేడు ఆసియా ఖండమునందలి మోటారు పనివారి నివేశములలో మిక్కిలి పెద్దవానిలో ఒకటిగా చెప్పబడుచున్నది. లారీలకు బాడీలు కట్టువారు, ఇంజనులకు బోరింగు చేయువారు, కమాను కట్టలు సరిచేయువారు, లేతుపై ఇరుసులు తరుగువారు, అరిగిన టైర్లకు క్రొత్త రబ్బరు పొర వేసి కాచి మరల రోడ్డునకు పంపువారు అచ్చట వేలకొలదిగా పని చేయుచుందురు. వీరి విద్యలకును, విక్టోరియా రాణి కాలమున ఆంగ్లేయ ప్రభువర్గమువారు తెల్లని దుస్తులు ధరించి పచ్చికపై ఆడిన టెన్నిసునకును చుట్టరికమున్నదనిన వినువారికి వింతగా తోపవచ్చును. కాని ఆ ఆట పుట్టుకను, ముఖ్యముగా 1877వ సంవత్సరమున లండను నగరమునకు చేరువనున్న వింబుల్డన్‌లో జరిగిన మొదటి పోటీల వృత్తాంతమును పరిశీలించినకొలదియు, ఆ ఆటకు జన్మభూమి కర్మశాలయే యని నాకు దృఢముగా తోచుచున్నది.

గోడలు గల శాలలో ఆడు ప్రాచీన టెన్నిసు ఐరోపా ఖండమున కొన్ని శతాబ్దులపాటు రాజులకును సామంతులకును వినోదమైయుండెను. అందలి బంతి గుడ్డపేలికలను గట్టిగా చుట్టి, దారముతో బిగించి, పైన ఉన్నిబట్ట కుట్టి చేసినది. రాతిపరుపుపై కొట్టిన లేచును గాని మెత్తని నేలపై వేసినచో పడినచోటనే ఉండిపోవును. అందువలన పెద్దశాల కట్టింపగల ధనవంతునకే ఆ ఆట దక్కినది. బయట నేలపై బంతి లేవవలెనన్న రబ్బరు కావలెను. పచ్చి రబ్బరన్ననో ఎండకు మెత్తబడి జిగురగును, చలికి బిగిసి పగులును. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అను నతడు, ఎన్నో ఏండ్లు ఋణములలో మునిగి కారాగృహమునకు సైతము పోయివచ్చిన పిదప, రబ్బరునకు గంధకము చేర్చి కాచినచో అది శీతోష్ణములకు చెదరక, లాగిన సాగి, విడిచిన వెంటనే పూర్వరూపమునకు వచ్చునని కనుగొనెను. దానికి అతడు 1844లో పేటెంటు పొందెను. ఇంగ్లండులో థామస్ హాంకాక్ అంతకు కొలదిమాసములు ముందుగనే తన పేర హక్కు కోరియుండెను. ఆటోనగర్ వీథిలో ‘వల్కనైజింగు’ అని బోర్డు వ్రేలాడగట్టి, ట్యూబు చిల్లుపై రబ్బరు ముక్కనుంచి వేడి మిషనుతో అదిమి అతికించు పనివాడు నేటికిని చేయుచున్నది ఆ గంధక సంస్కారమే. ఆ సంస్కారము లేనిదే లారీకి టైరు లేదు, టెన్నిసునకు బంతి లేదు.

రబ్బరు బంతి దొరికినను పచ్చిక సమముగా లేనిచో అది ఏ ప్రక్కకు లేచునో ఎవ్వరును చెప్పజాలరు. ఈ చిక్కును విడదీసినవాడు గ్లాస్టర్‌షైరు మండలమున స్ట్రౌడ్ పట్టణ ప్రాంతమందలి ఎడ్విన్ బడ్డింగ్ అను యంత్రకారుడు. ఆ సీమ ఉన్నిబట్టల మిల్లులకు ప్రసిద్ధము. నేసిన బట్టపై లేచియుండు నూగును సమముగా కత్తిరించుటకు ఆ మిల్లులలో తిరుగుడు కత్తులు గల యంత్రమొకటి వాడుకలో నుండెను. బట్టపై నూగును కత్తిరించు కత్తి నేలపై గడ్డిని ఏల కత్తిరింపరాదని అతడు యోచించి, 1830లో గడ్డి కత్తిరించు యంత్రమునకు పేటెంటు పొందెను. అంతకు ముందు పెద్దతోటల యజమానులు నిడుపాటి పిడికొడవళ్ళతో కోయించియో, గొఱ్ఱెలను మేపించియో పచ్చికను పొట్టిగా నుంచుచుండిరి. ఒక వృత్తిలోని పనిముట్టును చేతబట్టుకొని వేఱొక వృత్తిలోని కష్టమును చూచి, ఆ రెంటిని జతపఱచిన ఇట్టి బుద్ధిని గొప్పదిగా నేనెంచుదును. ట్రాక్టరు భాగములతో పంపుసెట్టును, పాత జీపు ఇరుసుతో నూర్పిడి యంత్రమును కూర్చు మన మెకానికుల బుద్ధియు ఈ జాతిలోనిదే.

ఈ రెండు సాధనములు సిద్ధమైన పిదప ఆట పుట్టుటకు ఆలస్యము కాలేదు. బర్మింగ్‌హామ్ నగరమున హారీ జెమ్, ఔగూరియో పెరేరా అను మిత్రులిరువురు 1860 ప్రాంతమునుండియే పెరటి పచ్చికపై వలగట్టి ఆడుచుండిరి. ఐనను దానిని సరకుగా మార్చి దేశముపై విడిచినవాడు మేజరు వాల్టర్ వింగ్‌ఫీల్డ్. ఇతడు హిందూదేశమునను చైనాలోను సైనికోద్యోగము చేసినవాడు. 1874 ఫిబ్రవరిలో పేటెంటునకు దరఖాస్తు పెట్టి, రాకెట్లు, బంతులు, వల, గుంజలు, నియమావళి అన్నియు ఒక్క పెట్టెలో నమర్చి ఐదు గినీల వెలకు అమ్మించెను. ఆ పెట్టెతోనే ఆట ఓడలెక్కి ఖండాంతరములకు వ్యాపించినది. అతని కోర్టు గడియారపు ఇసుకబుడ్డి వలె నడుమ సన్నగిల్లియుండెను. ఆ ఆకారము నిలువలేదు. వట్టి రబ్బరు బంతి తడిగడ్డిపై జాఱిపోవుచుండగా, దానిపై ఫ్లానెలు గుడ్డ కుట్టినచో పట్టు కలుగునని జాన్ హీత్‌కోట్ 1874లోనే పత్రికాముఖమున సూచించెను. ఈ చిన్న మార్పు మాత్రము ఎన్నటికి నిలిచిపోయినది.

ఇక వింబుల్డన్ సంగతి. 1868లో లండనులోని ‘ఫీల్డ్’ పత్రికా కార్యాలయమున, ఆ పత్రికా సంపాదకుడైన జాన్ వాల్ష్ మున్నగువారు కొందఱు కూడి క్రోకే ఆటకొక సంఘమును నెలకొల్పిరి. నేలపై బంతులను కొయ్యసుత్తితో కొట్టి కమ్మీలగుండ పోనిచ్చు ఆట యిది. వీరు వింబుల్డన్‌లో వార్పుల్ రోడ్డు ప్రక్కను, రైలుమార్గమునకు ఆనుకొని, నాలుగెకరముల భూమిని కౌలునకు తీసికొనిరి. కాని క్రోకే మోజు వేగముగ తగ్గి, సభ్యుల చందాలు కౌలునకు చాలని స్థితి యేర్పడెను. 1875లో హెన్రీ జోన్స్ అను సభ్యుడు ఒక పచ్చికను టెన్నిసునకు ప్రత్యేకింపవలెనని ప్రతిపాదించెను. ఇతడు వైద్యుడు; చీట్లాటపై మాఱుపేరుతో గ్రంథములు వ్రాసి ఆ విషయమున ప్రమాణపురుషుడైనవాడు. 1877 ఏప్రిలులో సంఘము తన పేరులోనే లాన్ టెన్నిసును చేర్చుకొనెను.

ఆ సమయముననే సంఘమునకు చెందిన తట్టువ లాగెడు రోలరు పాడైపోయినది. నూర్పిళ్ళకు ముందు రైతు కళ్ళమును చదును చేయించినట్లు, ఆటకు ముందు పచ్చికను ఈ బరువైన ఇనుప రోలరుతో అదిమింపక తప్పదు. దానిని బాగుచేయించుటకు రొక్కము లేదు. ఒక బహిరంగమైన పోటీని ప్రకటించి, ప్రవేశరుసుమును చూడవచ్చువారి టికెట్టు డబ్బును కూర్చి ఈ మరమ్మతు జరిపింపవలెనని వారు నిశ్చయించుకొనిరని ఆ సంఘచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. నేడు ప్రపంచమున అత్యంత గౌరవమందుచున్న టెన్నిసు పోటీకి తొలిప్రేరణ చెడిపోయిన యంత్రమునకు కావలసిన మరమ్మతు ఖర్చు! ఈ సంగతిని కొందఱు వినోదముగా చెప్పి దాటిపోవుదురు గాని, నాకిందులో గాఢమైన అర్థము కనబడుచున్నది. ఏ సంస్థయు ఆదర్శములచేత మాత్రమే నడువదు. దాని నేలను చదునుచేయు పనిముట్టు ఒకటుండును, ఆ పనిముట్టును బాగుచేయు మనుష్యుడొకడుండును, ఆ మనుష్యునకీయవలసిన కూలి యుండును. చరిత్రగ్రంథములలో విజేత పేరు నిలుచును. రోలరు బాగుచేసిన కమ్మరి పేరు నిలువదు.

1877 జూన్ 9 నాటి ఫీల్డ్ పత్రికలో ప్రకటన వెలువడెను. ప్రవేశరుసుము ఒక గినీ. రాకెట్టును ఆటగాడే తెచ్చుకొనవలెను. మడమలు లేని బూట్లు తొడుగవలెను, ఏలనన మడమలు పచ్చికను గాయపఱచును. గెలిచినవానికి 12 గినీల బహుమానమును, ఫీల్డ్ పత్రిక యజమానులిచ్చిన 25 గినీల విలువగల వెండి పాత్రయు లభించును. అన్నింటికంటె ముఖ్యమైన పని నియమముల నిర్ణయము. అప్పటికి ఒక్కొక్క ఊర ఒక్కొక్క లెక్క, ఒక్కొక్క ఆకారమైన కోర్టు. జోన్స్, జూలియన్ మార్షల్, చార్లెస్ హీత్‌కోట్ అను ముగ్గురు కూర్చుండి కోర్టు దీర్ఘచతురస్రముగ నుండవలెననియు, పొడవు 78 అడుగులు, వెడల్పు 27 అడుగులనియు, లెక్క ప్రాచీన టెన్నిసులోని పదునైదు, ముప్పది, నలువది అను పద్ధతిననుసరింపవలెననియు, సర్వీసులో ఒక తప్పు మన్నింపబడవలెననియు శాసించిరి. నూటయేబది సంవత్సరములు నిండవచ్చుచున్నను, సింగిల్సు కోర్టు కొలతయు, లెక్కపెట్టు పద్ధతియు ఆ ముగ్గురు వ్రాసినవే. వల మాత్రము ఇప్పటికంటె చాల ఎత్తు: గుంజలకడ 5 అడుగులు, నడుమ 3 అడుగుల 3 అంగుళములు. ఇది గుర్తుంచుకొనవలసిన అంకె.

జూలై 9, సోమవారమున పోటీలు మొదలైనవి. పేర్లిచ్చినవారు 22 మంది. వారిలో నొకడు రానేలేదు. గురువారమునాటికి ముగ్గురు మిగిలిరి. వారిలో ఇరువురు తుదిపోటీకి నిలువగా ఆటను ఆపివేసిరి. ఏలన, ఆ శుక్ర శనివారములలో ఈటన్, హారో పాఠశాలల క్రికెట్టు పోటీ లార్డ్స్ మైదానమున జరుగవలసియుండెను. లండను నాగరికులందఱును అచ్చటనే యుందురు. క్రొత్త ఆట పాత ఆటకు త్రోవ యిచ్చి తొలగినది. సోమవారమున జరుగవలసిన తుదిపోటీ వానచే గురువారమునకు, అనగా 19వ తేదీకి వాయిదాపడెను. ఆనాడును చినుకులు మానలేదు. తలకొక షిల్లింగు చెల్లించి వచ్చిన సుమారు 200 మంది ఎదుట స్పెన్సర్ గోర్ అను ఇరువదియేడేండ్ల యువకుడు విలియం మార్షల్ అను నతనిని 6-1, 6-2, 6-4గా ఓడించెను. ఆట 48 నిమిషములలో ముగిసెను.

గోర్ గెలిచిన తీరు వివరించి చెప్పదగినది. తక్కినవారందఱును వెనుకగీతయొద్ద నిలిచి బంతి నేలను తాకి లేచిన పిదప మెల్లగా తిప్పి కొట్టుచుండిరి. గోర్ మాత్రము వలయొద్దకు ముందునకు వచ్చి, బంతిని నేలపై బడనీయక గాలిలోనే అడ్డగించి చెఱియొక మూలకు త్రోసెను. వల ప్రక్కలందు ఐదడుగుల ఎత్తుండుటచేత ప్రత్యర్థి గీతవెంట కొట్టజాలక, తక్కువ ఎత్తున్న నడిమి భాగము మీదుగానే బంతిని పంపవలసివచ్చెను. అచ్చటనే గోర్ నిలిచియున్నాడు. కొలతలు నిర్ణయించినవారు ఊహింపని ఫలితమును ఆ కొలతలలోనుండియే అతడు పిండుకొనెను. ఇది తగునా యని పెద్దలు కొందఱు తర్కించిరట. ఇన్ని చేసియు గోర్‌నకు ఆ ఆటపై గౌరవము కలుగలేదు. క్రికెట్టును, ‘రాకెట్స్’ అను వేఱొక ఆటను ఎఱిగినవానికి లాన్ టెన్నిసు విసుగు పుట్టించునని పిమ్మట వ్రాసెను. ఆ విషయమున అతని తీర్పును కాలము తిరస్కరించినది.

పోటీ ముగిసిన తరువాత హెన్రీ జోన్స్ చేసిన పని నాకు విజయముకంటెను ఎక్కువ ప్రియమైనది. అతడు ఆటల పట్టికలన్నియు ముందుంచుకొని లెక్కించెను: ఆడిన 601 గేములలో సర్వీసు చేసినవాడు గెలిచినవి 376, ఎదుర్కొన్నవాడు గెలిచినవి 225. తూకము ఒకవైపు మొగ్గుచున్నదని దీనివలన తేలెను. అంతట సర్వీసు గీతను వలకు 26 అడుగుల దూరమునుండి క్రమముగ 21 అడుగులకు జరిపిరి. వల గుంజలయొద్ద ఎత్తును విడతలుగా తగ్గించి 1882 నాటికి మూడున్నర అడుగులకు దించిరి. ఇంజను విప్పి, ఎచ్చట ఒరయుచున్నదో చూచి, షిమ్ము వేసి మరల బిగించి నడిపించిచూచు విధానమే యిది. పోటీవలన సంఘమునకు మిగిలినది 10 పౌన్లు. రోలరు మరల పచ్చికపై దొర్లినది.

మరుసటి సంవత్సరము, 1878లో, సింహళమున కాఫీతోటలు నడుపుచు సెలవుపై స్వదేశమునకు వచ్చిన ఫ్రాంక్ హాడో గోర్‌ను ఎదిరించెను. వలయొద్ద నిలిచినవాని తలపైనుండి బంతిని ఎత్తుగా పంపి వెనుక పడునట్లు చేయు లాబు దెబ్బను ప్రయోగించి 7-5, 6-1, 9-7గా గెలిచెను. గెలిచినవాడు మరల సింహళమునకు పోయి తోటపనిలో మునిగి, ఆ బిరుదును కాపాడుకొనుటకు తిరిగి రాలేదు. అప్పటికే 1869లో కనబడిన ఆకుతెగులు ఆ ద్వీపమున కాఫీతోటలను కబళించుచుండెను. 1926లో వింబుల్డన్ స్వర్ణోత్సవమునాడు వృద్ధుడైన హాడో వచ్చి మేరీ రాణి చేతులమీదుగా పతకము స్వీకరించెను.

ఈ ఆట ముచ్చటలు వ్రాయుచున్న చేతికి అదే సంవత్సరపు తెలుగుదేశము స్మృతికి రాక మానదు. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ మహావైభవముగ దర్బారు తీర్చి విక్టోరియాను హిందూదేశ చక్రవర్తినిగా ప్రకటించెను. ఆనాటికే బళ్ళారి, కర్నూలు, కడప మండలములు కఱవుచే మాడిపోవుచుండెను. వర్షములు తప్పినవి, ధాన్యము ఎగుమతి ఆగలేదు. కఱవుపనులలో గడ్డపాఱ పట్టినవానికి దినమునకొక పౌను, అనగా నేటి లెక్కన సుమారు 450 గ్రాముల ధాన్యమును కొలదిపాటి రొక్కమును చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు మండలము ఇంచుమించు నాలుగవవంతు జనమును పోగొట్టుకొన్నది. వార్పుల్ రోడ్డులో వానకు తుదిపోటీ వాయిదాపడిన ఆ జూలై మాసముననే ఈ దత్తమండలములలో జనులు వానకై ఆకసము చూచుచు ఎముకలగూడులై నేలగూలుచుండిరి. మన కృష్ణా గోదావరీ డెల్టాలు మాత్రము ఆ మృత్యువునకు చాలవఱకు తప్పించుకొన్నవి; ఆర్థర్ కాటన్ పట్టుదలవలనను, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణవలనను 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైయుండుటయే దానికి కారణము. మదరాసులో కూవము, అడయారు నదులను కలుపు కాలువను కఱవుకూలీలచేతనే త్రవ్వించిరి. అప్పటి గవర్నరు పేర అది బకింగ్‌హామ్ కాలువయై, ఉత్తరమున పెదగంజామువఱకు సాగి కృష్ణా కాలువలను కలిసికొన్నది. ఒక్క యుగపు యంత్రవిద్యయే ఒకచోట పచ్చికను, ఒకచోట పైరును పెంచినది. మఱియొకచోటికి అది పోనేలేదు. ఈ మూడింటిని ఒక్కచోట నుంచి చూడక విక్టోరియా కాలపు ఆటలను గూర్చి వ్రాయుట న్యాయముకాదని నా అభిప్రాయము.

హిందూదేశమునకు టెన్నిసు సైనికులతోను ఉద్యోగులతోను వచ్చినది. 1885లో లాహోరున పంజాబు పోటీలు, 1887లో కలకత్తాలో బంగాళా పోటీలు నెలకొన్నవి. దొరల క్లబ్బులలో దేశీయులకు ప్రవేశము లేదు. మదరాసులో ఈ గోడను గుర్తించి, దానికెదురుగా తమ స్వంత సంస్థను నిలిపినది ఒక తెలుగు కుటుంబము. పారీ కంపెనీకి దుబాసీలుగా సంపన్నులై మైలాపురమున లజ్ హౌసులో నివసించిన మోదవరపు వారి వంశమున 1868లో, అనగా వార్పుల్ రోడ్డు సంఘము పుట్టిన సంవత్సరముననే, వేంకటమహీపతి నాయుడు జన్మించెను. బుచ్చిబాబు నాయుడను పేరనే లోకము ఆయన నెఱుగును. చేపాకములో తెల్లవారితో ఆడబోయిన దేశీయులు చెట్లక్రింద దుస్తులు మార్చుకొనవలసివచ్చుట చూచి సహింపక, 1888లో మదరాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, భారతీయులకు మైదానమును పరికరములను తాను సమకూర్చెను. 1908లో నలువదియేండ్లకే ఆయన మరణించెను.

ఆయన కడపటి కుమారుడు రామస్వామి, 1896లో పుట్టి, మాతామహునికి దత్తుడై కోటా వారి యింటిపేరు పొందినవాడు. కేంబ్రిడ్జిలో చదువుచు టెన్నిసులో విశ్వవిద్యాలయ గౌరవమందుకొని, 1922లో డేవిస్ కప్పు పోటీలలో భారతదేశము పక్షమున ఆడెను. వింబుల్డన్ పోటీలు వార్పుల్ రోడ్డును విడిచి చర్చి రోడ్డునందలి క్రొత్త ఆవరణమునకు తరలిపోయినదియు ఆ వేసవియే. పిమ్మట 1936లో నలువదేండ్ల వయస్సున క్రికెట్టు టెస్టులో ప్రవేశించి, ఓల్డ్ ట్రాఫర్డులో 40, 60 పరుగులు తీసెను. రెండు ఆటలలోను దేశమునకు ప్రతినిధియైనవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే. వారిలో తొలివరుసవాడు తెలుగువాడు. 1985 అక్టోబరులో, తొంబదేండ్లు సమీపించిన వయస్సున, మదరాసులో ఇల్లు వెడలిన రామస్వామి మరల తిరిగి రాలేదు. హైదరాబాదునుండి సయ్యద్ మహమ్మద్ హాదీ 1924లో పారిస్ ఒలింపిక్సులో టెన్నిసు ఆడెను.

కృష్ణామండలము ఈ వరుసలో చేరుటకు చాలకాలము పట్టినది. బందరు రోడ్డుపై కంకిపాడు దాటిన పిదప వచ్చు ఉయ్యూరు చెఱకునకును చక్కెర కర్మాగారమునకును పేరుపొందినది. అచ్చట 1987లో పుట్టిన సాకేత్ మైనేని విశాఖపట్టణమున పెరిగి, 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జాతో కూడి మిక్స్‌డ్ డబుల్సులో స్వర్ణపతకము గెలిచెను. 2016లో అమెరికా ఓపెన్ పోటీలలో అర్హత పరీక్షలు గడచి ప్రధాన విభాగమున సింగిల్సు ఆడెను. ఆ పోటీలును తొలుత పచ్చికపైననే జరిగినవి. 1974 తరువాత గడ్డిని విడిచి, 1978 నుండి గట్టి పరుపుపై సాగుచున్నవి. వార్పుల్ రోడ్డులో ముగ్గురు నిర్ణయించిన 78 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు మాత్రము న్యూయార్కులో ఉయ్యూరువాడు ఆడిన కోర్టునందును అట్లే యుండెను.